కట్టెకా, మన్నుకా? ఆలూరు సీమ తండాల్లో కడసారి తగవులు, రాజీలు

ఈ స్మారక సంచికలో మన ఆటపాటల గురించి, తీజ్ పండుగ గురించి, అద్దాల కుట్టుపని గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి పెద్దలు రాస్తారు. మేము ఎంచుకున్నది శుభకార్యం పూట మాట్లాడుకునే విషయం కాదు. ఇంట్లో మనిషి పోయినప్పుడు కాల్చాలా, పూడ్చాలా, ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా అన్న తగవు గురించి రాస్తున్నాం. ఆ తగవును మన పెద్దలు ఎట్లా తీర్చేవారు, ఇప్పుడు మనం ఎట్లా తీర్చుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

పొలం గట్టు తగవు పదేళ్లు నడిచినా గట్టు ఎక్కడికీ పోదు. మొగుడూ పెళ్లాల తగవును వచ్చే పున్నానికి వాయిదా వేయవచ్చు. శవం ముందు పుట్టిన తగవుకు మాత్రం ఒక పగలు, ఒక రాత్రి మించి గడువు లేదు. ఆలూరు ఎండల్లో ఆ మాత్రం కూడా ఉండదు. అందుకే మన పెద్దల తీర్పరితనానికి అసలు పరీక్ష ఈ తగవే.

దారిలో పోయినవారికి దారే వల్లకాడు

సుగాలి, లంబాడి, బంజారా అని ఏ పేరుతో పిలిచినా మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన బిడారు జనం. మొగలు సైన్యాలకూ, నిజాం సైన్యాలకూ తిండిగింజలు చేర్చినవారు. 1790-92 నాటి మూడో మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించినవారిలోనూ మనవాళ్లు ఉన్నారు. ఊరూరా తిరిగే ఆ బతుకులో మనిషిని ఎక్కడ సాగనంపాలి అన్న ప్రశ్నకు చోటే లేదు. దారిలో కన్నుమూస్తే అక్కడే కార్యం ముగించి, కన్నీళ్లు తుడుచుకుని, ఎద్దులను తోలుకుని ముందుకు పోవలసిందే.

1871 నాటికి మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం పూర్తయింది. ఎద్దు మోసే బరువును రైలు మోయసాగింది. మన వ్యాపారం పోయింది. బిడారు ఆగినచోట తండా అయింది. తండాకు పొలం వచ్చింది, పొలానికి పట్టా వచ్చింది, ఊరివాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు వచ్చాయి. వాటి వెంటే ఎక్కడ, ఎట్లా, ఎవరు అన్న ప్రశ్నలూ వచ్చాయి. ఈనాడు శవం ముందు మనం పడే తగవుల్లో చాలా భాగం స్థిరపడిన తర్వాత పుట్టినవే. ఇవి అనాదిగా వచ్చిన కట్టుబాటు తగవులు అని ఎవరైనా గొంతు పెంచినప్పుడు ఈ సంగతి గుర్తు చేయాలి.

మన వాడుకలో రెండూ ఉన్నాయి

పెళ్లయినవారిని కాల్చడం, పెళ్లికానివారినీ పసిపిల్లలనూ పూడ్చడం మన పాత వాడుక. మశూచి సోకి పోయినవారిని కూడా పూడ్చేవారు. నూరేళ్ల కిందట తెగల గురించి ఇంగ్లీషు ఉద్యోగులు రాసిన పుస్తకాల్లోనూ ఇదే మాట ఉంది. అంటే మట్టి మనకు పరాయిది కాదు. ఎవరికి కట్టె, ఎవరికి మన్ను అన్న పంపకం మాత్రమే మనకున్నది.

ఇంకొక సంగతి. గుత్తి దగ్గర 1739లో పుట్టాడని మనం నమ్మే సేవాలాల్ మహరాజ్ బ్రహ్మచారిగానే బతికాడు. ఆయన సమాధి మహారాష్ట్రలోని పోహరాదేవిలో ఉంది. ఏటా లక్షల మంది గోర్ జనం వెళ్లి మొక్కేది ఒక సమాధికే. ‘పూడిస్తే మన జాతి ఆచారం చెడిపోతుంది’ అని వాదించే తమ్ముళ్లు ఒకసారి పోహరాదేవిని తలుచుకోవాలి. ‘కాలిస్తే పాపం’ అని వాదించేవారు, తమ తాతలు ఏ కట్టెల మీద సాగిపోయారో తలుచుకోవాలి.

ఆలూరు చుట్టుపక్కల మన పొరుగువారిలోనూ రెండూ కనిపిస్తాయి. లింగాయతులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ముస్లింలు, దూదేకులవారు ఖననం చేస్తారు. ‘మన్ను చేసొచ్చినాం’ అన్న మాట ఈ సీమలో ప్రతి ఇంటా వినిపించేదే. చెట్టు చేమ తక్కువైన మెట్ట సీమ ఇది. చితికి క్వింటాళ్ల కొద్దీ కట్టె కావాలి. లేనివాడి ఇంట ఆచారాన్ని కొన్నిసార్లు కట్టెల ధరే నిర్ణయించింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

నసాబ్ బలం, నసాబ్ లోపం

తండాలో తగవు వస్తే నాయక్, కార్భారి, తలపండిన పెద్దలు కూర్చునే కూటమే నసాబ్. చావు ఇంటి తగవులో అది పనిచేసే తీరు వేరు. రచ్చబండ దగ్గర అందరినీ నిలబెట్టి అడిగే పద్ధతి అక్కడ పనికిరాదు. కార్భారి ముందు ఒక పక్షాన్ని ఇంటి వెనక్కి తీసుకుపోయి వినేవాడు. తర్వాత రెండో పక్షాన్ని. ఎవరి కోపం దేనిమీద అన్నది తెలిసిన తర్వాతే నాయక్ నోరు విప్పేవాడు. చాలాసార్లు కోపం శవం మీద ఉండదు. ఎన్నడో జరిగిన పెళ్లిలో పిలుపు అందలేదని, అప్పు తిరిగి ఇవ్వలేదని, ముసలాయన మంచాన ఉన్నప్పుడు ఒకరే చూసుకున్నారని ఉంటుంది. ఆ మాట బయటికి వస్తే సగం ముడి విడిపోయినట్టే. మూడో రోజు అందరూ కలిసి కూర్చుని రొట్టె, బెల్లం కలిపిన చూర్మొ తింటే రాజీ కుదిరినట్టు లెక్క. కాగితం లేదు, వేలిముద్ర లేదు. తండా మొత్తం సాక్షి.

మంచి చెప్పుకున్నాం కాబట్టి చెడ్డా చెప్పుకోవాలి. ఆ కూటంలో ఆడవాళ్లకు కూర్చునే చోటు లేదు. చనిపోయినవాడి భార్యకైనా గడప లోపలి ఏడుపే మిగిలేది. దండుగ వేస్తే ఆ సొమ్ములో కొంత సారాకు పోయేది. మాట విననివారిని వెలివేసే అధికారం ఉండేది. చావు ఇంట వెలి అంటే ఏమిటో వేరే చెప్పాలా? మోయడానికి నలుగురు రాకపోవడం. అంతకన్నా పెద్ద శిక్ష మనుషుల్లో లేదు. ఆ భయంతో కుదిరినదాన్ని రాజీ అనలేం, లొంగుబాటు అనాలి.

మన్రో దొర పంచాయతీ, మన్రో దొర సమాధి

పెద్దమనుషుల తీర్పును చట్టంలోకి తేవాలన్న ఆలోచనకు మన సీమతో దగ్గరి చుట్టరికం ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడు ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఏడేళ్లు ఈ పల్లెల్లో గుడారాలు వేసుకుని తిరిగాడు. తర్వాత ఆయన పూనికతోనే 1816లో మద్రాసు ప్రభుత్వం కొన్ని రెగ్యులేషన్లు చేసింది. గ్రామ పెద్దను మునసబుగా నియమించి చిన్న దావాలు విననిచ్చింది. పంచాయతీలు కూర్చోబెట్టడానికి వీలు కల్పించింది. మునసబులు నిలిచారు, కాగితం మీది పంచాయతీ మాత్రం పెద్దగా సాగలేదు. పంచాయతీ బలం అందులో కూర్చున్నవారి మీద జనానికి ఉన్న నమ్మకంలో ఉంది. దాన్ని సర్కారు ఉత్తర్వు పుట్టించలేదు.

అదే మన్రో 1827 జూలై 6న ఆలూరుకు తూర్పున ఉన్న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. మద్రాసు గవర్నరు హోదాలో ఉన్న మనిషి. ఆయన దేహాన్ని గుత్తికి తీసుకువెళ్లి కోట దగ్గర పూడ్చారు. కొన్నేళ్ల తర్వాత ఆ అవశేషాలను తవ్వి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చారు. కలరా రోజుల్లో దగ్గరి చోట పూడ్చడం, తర్వాత తమ వాళ్ల మధ్యకు చేర్చుకోవడం. అంత పెద్ద దొర విషయంలోనూ ముందు అవసరం నడిచింది, ఆచారం తర్వాత వచ్చింది. మన బిడారు పూర్వీకులకు ఈ సంగతి తెలియనిదేమీ కాదు.

సరిహద్దు తెచ్చిన చిక్కులు

ఆలూరు 1953 దాకా బళ్లారి జిల్లా తాలూకా. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని కర్నూలు జిల్లాలో కలిశాయి. గీత అటూ ఇటూ మన చుట్టాలే ఉండిపోయారు. ఇక్కడి సుగాలి షెడ్యూల్డ్ తెగ. బళ్లారి వైపున ఉన్న అన్నదమ్ముడు లంబాణి పేరుతో షెడ్యూల్డ్ కులం. ఇది చావు ఇంటి తగవులోకి ఎట్లా వస్తుందంటే, ఇంట్లో కొందరు ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టారు. పెద్దాయనను క్రైస్తవ పద్ధతిలో పూడిస్తే పిల్లల కుల ధ్రువపత్రం పోతుందేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయంతోనే శవాన్ని అడ్డుకునేవారున్నారు.

నిజమేమిటో తెలుసుకోవాలి. షెడ్యూల్డ్ కులాల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హోదాను మతంతో ముడిపెట్టింది. తర్వాతి సవరణలతో అది హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికి పరిమితమైంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అట్లాంటి షరతు లేదు. కాబట్టి మన వైపున తండ్రిని మట్టిలో పెట్టారా, మంటలో పెట్టారా అన్నది చూసి పిల్లవాడి తెగ మారదు. ఈ ఒక్క మాట తెలిస్తే కొన్ని ఇళ్లలో గొడవ అక్కడితో ఆగిపోతుంది.

రెండో భయం ఆస్తి గురించి. ‘తలకొరివి పెట్టినవాడికే పొలం’ అన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. అందుకే కొడుకులు లేని ఇంట్లో కూతురు ముందుకు వస్తే దాయాదులు అడ్డుపడతారు. కొరివి పట్టుకున్నంత మాత్రాన ఎవరికీ హక్కు రాదు, పట్టుకోనంత మాత్రాన పోదు. పైగా 1956 హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. మన పంపకాలు ఆచారాన్ని బట్టి నడుస్తాయి. ఆచారం అంటే నోటి మాట కాబట్టి గొడవకు ఇంకా ఎక్కువ చోటు. అందుకే పంపకం మాటను శవం ముందుకు తేకూడదు.

మేము కూర్చున్న ఒక రాత్రి

కొన్నేళ్ల కిందట ఒక తండా నుంచి మమ్మల్ని పిలిచారు. ఏ తండా అన్నది ఇక్కడ అక్కరలేదు. డెబ్బై దాటిన పెద్దాయన పోయాడు. పెద్దకొడుకు బెంగళూరులో కట్టడం పని, చాలా ఏళ్లుగా ప్రార్థనకు వెళ్తాడు. పూడ్చాలన్నాడు. చిన్నకొడుకు తండాలోనే సేద్యం. పెళ్లయి మనవళ్లను చూసిన మనిషిని కాల్చకుండా మట్టిలో పెడితే తండా నవ్వుతుందన్నాడు. ఒకడి వెనక పాస్టరు, మరొకడి వెనక పాలివాళ్లు. రాత్రి పదకొండయింది. మేము కూడా ఇద్దరు కొడుకుల చుట్టే తిరుగుతున్నాం.

వాకిట్లో కూర్చున్న ఒక ముసలవ్వ అడిగింది: “ఇంతమంది మొగోళ్లు కూసున్నారు. యాడిని ఎవరన్నా అడిగినారా?”

నిజంగా ఎవరూ అడగలేదు. లోపలికి వెళ్లి ఆయన భార్యను అడిగాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మూడేళ్ల వయసులో పోయిన తమ ఆడబిడ్డను మన్ను చేసిన చోటు ఉందని, తనను అక్కడికే చేర్చమని ఆయన రెండు మూడుసార్లు అన్నాడని చెప్పింది. కొడుకులిద్దరికీ అట్లాంటి అక్క ఉండేదని తెలుసుగానీ, తండ్రి మనసులో ఆమె ఇంకా ఉందని తెలియదు.

పూడ్చడానికి ఒప్పుకున్నారు. తొలి పిడికెడు మన్ను చిన్నకొడుకు వేశాడు. ప్రార్థన ఇంటి దగ్గరే ముగించారు, గుంత దగ్గర ఎవరూ ఏమీ చదవలేదు. మూడో రోజు కార్యం చిన్నకొడుకు ఇంట్లో మన పద్ధతిలోనే జరిగింది. అన్నదమ్ములు ఆ తర్వాత ఏడాది దాకా సరిగా మాట్లాడుకోలేదు. రాజీ అంటే మనసులు కలవడమే అని మేము అబద్ధం చెప్పం. కానీ ఆ తండ్రి తెల్లవారి పది గంటలకు తన బిడ్డ పక్కకు చేరాడు. పెద్దల పని అంతవరకే. ఆ రాత్రి మాకు సిగ్గు కూడా నేర్పింది. నసాబ్ పాత లోపం మాలోనూ ఉందని అప్పుడు తెలిసింది.

కోర్టుకు వెళ్తే

కోర్టును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. గౌరవంగా బతికే హక్కులో చనిపోయినవారి గౌరవం కూడా ఉందని మన న్యాయస్థానాలే చెప్పాయి. కానీ శవం ఆగినంతసేపు కోర్టు ఆగదు, కోర్టు నడిచినంతసేపు శవం ఆగలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఛింద్‌వాడా గ్రామానికి చెందిన ఒక పాస్టరు 2025 జనవరి 7న చనిపోయాడు. సొంత ఊరిలో పూడ్చడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. కొడుకు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న తీర్పు వచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పారు. మూడో న్యాయమూర్తికి పంపితే ఇంకా ఆలస్యమని, వేరే ఊరిలోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఇరవై రోజులు ఆ దేహం మార్చురీలోనే ఉంది.

అది ఊరితో తగవు. ఇంటిలోని తగవూ ఇంతే. కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరు 21న కన్నుమూశాడు. దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని కొందరు బిడ్డలు, క్రైస్తవ పద్ధతిలో పూడ్చాలని ఒక కూతురు. హైకోర్టు మధ్యవర్తిత్వానికి కూడా ప్రయత్నించింది. కుదరలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 జనవరిలో గానీ తేలలేదు. చదువు, పేరు, లాయర్లు అన్నీ ఉన్న ఇంట్లోనే అట్లా జరిగింది. మధ్యవర్తిత్వం అక్కడ ఆలస్యంగా మొదలైందని మాకు అనిపిస్తుంది. పంతం కోర్టు కాగితం మీదికి ఎక్కిన తర్వాత దించడం కష్టం.

చట్టం ఇచ్చిన ఆసరా, చట్టం గీసిన గీత

1987 న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో సామూహిక మధ్యవర్తిత్వం అని ఒక అధ్యాయం పెట్టారు. కుటుంబాల మధ్య, ఒక ప్రాంతవాసుల మధ్య శాంతికి భంగం కలిగించే తగవును ఇరుపక్షాల ముందస్తు సమ్మతితో ముగ్గురు మధ్యవర్తులు తీర్చడం అందులోని పద్ధతి. ఆ ఒప్పందం డిక్రీలాగా అమలు కాదు. మాట మీద నిలబడేదే. చూస్తే మన నసాబ్ పోలికే. వెలి, దండుగ మాత్రం అందులో లేవు. మనం నేర్చుకోవలసింది అదే.

మరి ఏది పెద్దలు తీర్చాలి, ఏది కాగితం మీదికి పోవాలి? మా అనుభవం ఇది. దేహం సంగతి ఆ రాత్రే ఇంటి ముందు తేలాలి. పొలం, బంగారం, పిల్లల పోషణ, ఆసుపత్రి అప్పు మాత్రం ఆ రాత్రి ముట్టుకోకూడదు. ‘మా ఆడబిడ్డ పిల్లల పేరున పొలం రాసేదాకా పీనుగను లేవనియ్యం’ అని పుట్టింటివారు కూర్చోవడం మన సీమలో కొత్త కాదు. వారి భయం న్యాయమైనదే, పట్టుకున్న తాడు మాత్రం తప్పు. ఫలానా తేదీలోపు పిల్లల సంగతి తేలుస్తామని ఇరుపక్షాల చేత రాయించి సాక్షులతో సంతకాలు పెట్టించి, తర్వాత లోక్ అదాలత్‌కు తీసుకుపోవాలి. అంత్యక్రియలకు చేరినవారి మనసు నొప్పించాలని కావాలని అడ్డుపడటం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరమని కూడా అందరికీ చెప్పాలి.

ఒక గీతను ఎవరూ దాటకూడదు. ఉరి, మందు తాగడం, కాలడం, ప్రమాదం, ఏ రకమైన అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాల్సిందే. పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడబిడ్డ చావు విషయంలో చట్టం మరీ గట్టిగా ఉంది. అక్కడ రాజీ పేరుతో తెల్లారకముందే కట్టెల మీద పెట్టించే పెద్దమనిషి, పెద్దమనిషి కాడు.

చివరి మనవి

ప్రతి తండాలో ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరిగా ఉండే ఒక చిన్న కూటం ఏర్పరుచుకుందాం. పోయినవారి భార్యను, లేదా భర్తను, ముందుగా అడుగుదాం. చనిపోయినవారు ఏమన్నారో తెలుసుకున్న తర్వాతే మనం ఏమనుకుంటున్నామో మాట్లాడదాం. శ్మశానానికి చోటు లేని తండాలు గ్రామ పంచాయతీని అడగాలి, దహన ఖనన స్థలాలు చూడటం పంచాయతీ బాధ్యతల్లో ఒకటి. అన్నిటికన్నా ముఖ్యంగా, మన ఇళ్లలోని పెద్దవారు బతికుండగానే ఈ మాట చెప్పి పెట్టాలి. అపశకునం అనుకోవద్దు. వడ్లు ఎక్కడ పోశామో చెప్పినట్టే ఇదీ చెప్పవచ్చు.

బిడారు రోజుల్లో మనవాళ్లకు సొంత ఊరు లేదు, సొంత వల్లకాడు లేదు. అయినా ఎవరినీ దిక్కులేకుండా వదిలిపెట్టి ముందుకు పోలేదు. ఊరూ నేలా సంపాదించుకున్న మనం, కట్టెకా మన్నుకా అని కొట్లాడుకుంటూ కన్నవారిని వాకిట్లో ఎండబెడితే ఆ పూర్వీకుల ముందు తలెత్తుకోలేం.

జై సేవాలాల్.